నా శ్రోతను ఎత్తుకెళ్ళిన యంత్రం

సమీక్ష అనే మాటకు నిఘంటువులో అర్థం చూశాను. చక్కగా చూడడం అని ఉంది. మెచ్చుకోవడం అని లేదు, తిట్టడం అనీ లేదు. పాడేరు శాఖా గ్రంథాలయానికి వచ్చే పత్రికల్లో ఫోన్లకూ, మోటార్ సైకిళ్ళకూ, మిక్సీలకూ సమీక్షలు రాసేవాళ్ళకు ఈ సంగతి తెలిసినట్టు లేదు. వస్తువును కాసేపు చేతిలో పట్టుకుని, పెళ్ళిచూపులకు వెళ్ళిన పెద్దమనుషుల్లా నాలుగు మంచి మాటలు చెప్పి, మర్యాదకు ఒక చిన్న లోపం ఎత్తి, లేచి వెళ్ళిపోతారు. నేను ఒక వస్తువును వానాకాలమంతా ఇంట్లో పెట్టుకుని చూశాను. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ కన్సోల్ అది. ఎంత చక్కగా చూస్తే దాని మీద కోపం అంత పెరిగింది.

ఆ కోపానికి కారణం ముందే చెప్పేస్తాను. అది నా శ్రోతను ఎత్తుకుపోయింది. నాకున్నది ఒక్కతే శ్రోత. మా అమ్మ.

నేను పదో తరగతి దగ్గర బడి మానేసినవాణ్ణి. కొండవాలున కాఫీ మొక్కలు, వాటికి నీడనిచ్చే సిల్వర్‌ఓక్ చెట్లకు పాకించిన మిరియాల తీగలు, దిగువన కొంచెం చోడి, అంటే రాగి, కొంచెం కొర్ర. ఇదీ మా బతుకు. నా చదువంతా ఆ తర్వాత గ్రంథాలయంలో జరిగింది. పాడేరులో ఏ పని ఉన్నా జీపు దిగి ముందు అక్కడికే వెళ్ళేవాణ్ణి. విజ్ఞాన సర్వస్వం సంపుటాలను వరుసగా చదివాను. ఖగోళం, లోహాలు, కంటి నిర్మాణం, మొక్కల జాతులు, ఏది వస్తే అది. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. నోటితో పలకమంటే తడబడతానుగానీ కళ్ళతో చదివితే అర్థమవుతుంది. కాలేజీకి వెళ్ళినవాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి దాచుకోను, గట్టిగానే చెబుతాను.

అమ్మకు అక్షరం రాదు. అయినా ఆమెలా వినగలిగే మనిషిని నేను మరొకరిని చూడలేదు. చేటలో చోళ్ళు పోసుకుని చెరుగుతూ వినేది. కథలో ఎవరికైనా ఆపద వస్తే చేట ఆగేది. గండం గడిచాక మళ్ళీ కదిలేది. ఎక్కడ నెమ్మదిగా చదవాలో, ఎక్కడ గబగబా దాటిపోవాలో నేను ఆ చేట చప్పుడు వల్లనే నేర్చుకున్నాను. మధ్యలో ఒక్క ప్రశ్న వేసేది కాదు. కథ అయిపోయాక ఒక నిట్టూర్పు, అంతే. చదివేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆషాఢంలో కలుపు తీస్తూ అమ్మ గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. పాడేరు ఆసుపత్రిలో కట్టు కట్టి, వానలు తగ్గేదాకా కాలు కింద పెట్టొద్దన్నారు. బాధపడ్డాను, నిజమే. కానీ మంచం పట్టిన అమ్మకు రోజూ మధ్యాహ్నం చదివి వినిపించవచ్చన్న ఆశ కూడా కలిగింది. గ్రంథాలయానికి వెళ్ళి, ఇన్నాళ్ళూ ఆమెకు తీరిక ఉండదని వదిలేసిన ఒక లావుపాటి నవల తెచ్చాను. మైదానంలోని ఒక రైతు కుటుంబం కథ. తాత దగ్గర మొదలై మనవళ్ళ దాకా వస్తుంది. అమ్మ తలకింద దిండు ఎత్తుగా పెట్టించుకుని వినడం మొదలుపెట్టింది. తాత బావి తవ్వించే దాకా వచ్చాం.

అప్పుడు చెల్లి దిగింది. విశాఖపట్నంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తుంది. తడిసిన గొడుగు గుమ్మంలో పడేసి, సంచిలోంచి బట్టలో చుట్టిన ఆ వస్తువును తీసి అమ్మ పొట్టమీద పెట్టింది. తనతో పనిచేసే ఒకావిడ కొత్తది కొనుక్కుని పాతది ఇచ్చేసిందట.

"ఏటే గుంటా ఇది? టీవీలోంచి ముక్క కోసీసినట్టున్నాది," అంది అమ్మ.

"ఆట సామానమ్మా. నీకు పొద్దుపోవాలి కదా. అన్నియ్య కొండెక్కిపోతే ఒక్కర్తివీ గోడ సూసుకుంటావేటి?"

"నాను రోజూ సదివి ఇనిపిత్తన్నాను కదే," అన్నాను.

"అందుకే తెచ్చీసినాను," అని చెల్లి నవ్వింది. "పాపం, కాలిరిగిపోయింది కదా, పారిపోదామన్నా లేవలేదు."

అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. చెల్లి ఉన్న ఆదివారమంతా వాళ్ళిద్దరూ తలలు ఆనించుకుని కూర్చున్నారు. ఏ బొత్తాం నొక్కితే ఏమవుతుందో చెల్లి చెప్పడం, అమ్మ నొక్కి కేక వేయడం. తాత బావి అక్కడే ఆగిపోయింది.

శత్రువు బలం తెలియకుండా పోట్లాడకూడదు. అమ్మ నిద్రపోయేటప్పుడు ఆ యంత్రాన్ని తీసుకుని పరీక్షించాను. మధ్యలో తెర, అటూ ఇటూ బొత్తాలు, బొటనవేళ్ళతో తిప్పడానికి రెండు చిన్న పుల్లలు. దాని గుణాలు ముందు చెబుతాను, ఎందుకంటే అవి తక్కువ. నెట్‌వర్క్ లేకపోయినా పనిచేస్తుంది. మా ఊళ్ళో సిగ్నల్ కావాలంటే చర్చి వెనక బండ ఎక్కాలి కాబట్టి ఇది చిన్న గుణం కాదు. ఫోన్లో ఆడే ఆటల్లా మధ్యలో ప్రకటనలు దూరవు. ఎక్కడ ఆపితే అక్కడే నిలబడుతుంది. మళ్ళీ తెరిస్తే ఆ అడుగులోనే ఉంటుంది. మంచం మీది నుంచి రాతినేల మీద పడింది, పగల్లేదు. ఆ వానలకు నా నవల అట్టకు బూజు పట్టింది, పేజీలు ఉబ్బి ఒకదానికొకటి అంటుకున్నాయి. యంత్రానికి ఏమీ కాలేదు. ఇది నిజం కాబట్టి రాస్తున్నాను, ఇష్టమై కాదు.

ఇక లోపాలు. భాషల పట్టిక తెరిస్తే ఎక్కడెక్కడి భాషలో ఉన్నాయి. నేను లిపి కూడా గుర్తుపట్టలేని భాషలున్నాయి. తెలుగు లేదు. ఇంత పెద్ద భాషలో ఒక్క మాట పెట్టడానికి వాళ్ళకు చోటు లేకపోయింది. ఉన్న ఇంగ్లీషు అక్షరాలైనా ఆవగింజల్లా ఉన్నాయి. నలభై దాటిన కంటి కటకం దగ్గరి వస్తువు మీద నిలవడానికి ఎంత కష్టపడుతుందో విజ్ఞాన సర్వస్వంలో చదివాను. ఈ యంత్రం చేసినవాళ్ళు చదవలేదు. ఎండ పడితే తెర మీద మన మొహం తప్ప ఏమీ కనిపించదు. ఛార్జింగ్ ఒక పూటకు మించి నిలవదు. మా దగ్గర గాలివానకు తీగ మీద కొమ్మ పడితే కరెంటు ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలియదు. ఎడమవైపు పుల్ల అరిగిపోయి, మనం ముట్టుకోకపోయినా బొమ్మ మనిషి దానంతట అది పక్కకు నడుస్తుంది, సంతలో జీలుగు కల్లు తాగి ఇంటికి వచ్చేవాడిలా.

ఆటలైనా బాగున్నాయా అంటే, ఒకటి కార్ల పందెం. బయలుదేరిన చోటికి ముందుగా తిరిగొచ్చినవాడు గెలిచినట్టు. అంత తొందరగా తిరిగి రావలసినవాడు బయలుదేరడం ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇంకొకటి తుపాకీ ఆట. చచ్చినవాళ్ళు లేచి మళ్ళీ వస్తారు, వాళ్ళను మళ్ళీ చంపాలి. మూడోది పొలం ఆట. అమ్మ పట్టుకున్నది దీన్నే.

గడ్డిటోపీ పెట్టుకున్న ఒక బొమ్మ మనిషి. అతనికి కొంత నేల, ఒక ఇల్లు, ఒక పార, ఒక సుత్తి, ఒక నీళ్ళ డబ్బా. విత్తనం వేయాలి, రోజూ నీళ్ళు పోయాలి, పండితే కోసి పెట్టెలో వేయాలి, లేదా తినాలి. అతను మంచమెక్కి పడుకుంటే ఒక రోజు గడిచినట్టు. చదువు రాకపోయినా బొమ్మలు చూసి అమ్మ అన్నీ పట్టేసింది. నేను చోడి నారు చూసి వచ్చేసరికి ఆమె కళ్ళు తెర మీదే ఉండేవి.

"అమ్మా, సదవనా?"

"సదువు. నాను ఇంటన్నాను."

చదివేవాణ్ణి. బొత్తాలు టిక్కుటిక్కుమనేవి. తాత చనిపోయే ఘట్టం నేను ఎంతో శ్రద్ధగా, గొంతు తగ్గించి చదివాను. ఆ చావు దగ్గర టిక్కు ఆగలేదు. అనుమానం వచ్చి, మర్నాడు కావాలని నాలుగు పేజీలు తిప్పేసి చదివాను. పెళ్ళికాని పిల్లకు హఠాత్తుగా కొడుకు పుట్టి బడికి వెళ్ళిపోయాడు. అమ్మ "ఊఁ" అంది. పుస్తకం మూసి లేచాను.

"అయిపోనాదా?" అంది, తల ఎత్తకుండా.

నేను ఊరుకునే రకం కాదు. ఆమె పక్కన కూర్చుని ఆ పొలంలో తప్పులన్నీ ఎత్తి చూపించడం మొదలుపెట్టాను.

"ఇదేటమ్మా, నేలంతా పలకలాగ సాపుగా ఉన్నాది. ఎక్కడైనా కొండవాలుందా?"

"నడుం నొప్పి లేదు. బాగుంది కదా."

"కలుపేది మరి? వానాకాలంలో కలుపు లేని సేను ఎక్కడుంది?"

"లేకపోతే మంచిదే కదరా. కలుపు తీయబోయే కదా కాలిరగ్గొట్టుకున్నాను."

"అడివిపంది రాదు, సిలకలు రావు. మంచె లేదు. రోజూ డబ్బాతో నీళ్ళు పోత్తాడు. పైన వాన పడతా ఉంటే నీళ్ళు పోసేవోడు పిచ్చోడు కాదేటి?"

"వాన పడిన రోజు నాను పొయ్యనురా. నీకే తెలీదు," అంది అమ్మ. ఆ మాట నన్ను పొడిచింది. ఏదో ఒకటి నాకు తెలియదని ఆమె నాతో అనడం అదే మొదలు.

ఇంతకంటే అవమానం తర్వాత జరిగింది. ఆ ఆటలో అప్పుడప్పుడు మాటలు వస్తాయి. దుకాణంవాడు పలకరిస్తాడు, పొరుగువాళ్ళు ఏదో చెబుతారు, ఉత్తరాల డబ్బాలో కాగితం పడుతుంది. అమ్మ నన్ను పిలిచేది. "ఒరే, ఇదేటి రాసున్నాదో సదువు." ఏళ్ళ తరబడి నిఘంటువు ముందు కూర్చుని నేర్చుకున్న ఇంగ్లీషుతో నేను ఏం చదివానంటే, "ఈరోజు వాతావరణం బాగుంది", "నీ ముల్లంగి చాలా తాజాగా ఉంది", "నా పిల్లి కనిపించడం లేదు". నేను తెలుగులో చెబితే ఆమె శ్రద్ధగా వినేది. పిల్లి కనిపించడం లేదంటే అయ్యో అనేది. తాత చనిపోతే ఊఁ అన్న మనిషి.

శ్రావణం దాటుతుండగా ఆ పొలంలో చిక్కుడు పందిళ్ళు కాయలతో నిండాయి. కాయల మీద మెరుపులు మెరుస్తున్నాయి, అంటే కోయమని అర్థం. అమ్మ కోయలేదు. నీళ్ళు పోసి, మనిషిని పడుకోబెట్టి, లేపి, మళ్ళీ నీళ్ళు పోసింది. నేను చూసి, బొత్తాం మరిచిపోయిందేమో అనుకున్నాను.

"పండిపోనాయి కదమ్మా, కొయ్యవేటి?"

అమ్మ నన్ను వింతగా చూసింది. "కొత్త సెయ్యకుండానా?"

మా కొండల మీద ఏ పంటా పండగానే నోట పెట్టుకోం. కొర్రకు కొర్రకొత్త, చిక్కుడుకు చిక్కుడు కొత్త, మామిడికి మామిడికొత్త. దిసారి, అంటే మాకు మంచీ చెడూ రోజులు లెక్కగట్టి చెప్పే ఆయన, రోజు చెబుతాడు. ఆ రోజు తొలి పంటను మా కొండదేవత జాకరమ్మ రాయి దగ్గర పెట్టి, కోడిని కోసి, చనిపోయిన పెద్దలకు కొంత తీసి, ఆ తర్వాతే మనం తినాలి. కొత్త కాకముందు తింటే ఊరంతటికీ కీడు. చిన్నప్పుడు చేలో పచ్చి చిక్కుడు నమిలినందుకు అమ్మ నా నోట్లో వేలు పెట్టి కక్కించింది.

"అది బొమ్మల సేనమ్మా," అన్నాను.

"సేనే కదా."

మా పక్కింటి పిన్ని తలుపు పట్టుకుని నిలబడి అంతా చూస్తోంది. నవ్వుతుందనుకున్నాను. "కొయ్యకు అక్కా," అంది గంభీరంగా. "దిసారి ఇంకా సెప్పలేదు. నీ ఇంటికేటైనా అయితే మళ్ళీ మా ఇళ్ళకీ రావాలా?"

ఆ సాయంత్రం తెర మీద మాటలు వచ్చాయి. అమ్మ పిలిచింది. చదివాను. రేపటితో ఋతువు మారిపోతుందట, పంట కోసుకోకపోతే అంతా ఎండిపోతుందట. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చెబుతున్నప్పుడు నాకు లోపల సంతోషంగా ఉంది. యంత్రం నిజస్వరూపం ఇప్పుడు బయటపడుతుంది అనుకున్నాను. అమ్మ బొత్తాం మీద వేలు ఆపింది.

"మనం ఆపీస్తే దాన్లో రోజు గడవదు కదా?"

"గడవదు."

"అయితే ఆపీ."

ఆపి, బట్టలో చుట్టించి, గూట్లో పెట్టించింది. దిసారి రోజు చెప్పేదాకా ఆ దేశంలో ఋతువు మారడానికి వీల్లేదు. ఆ ఆట తయారుచేసినవాళ్ళు ఎంత తెలివైనవాళ్ళైనా, తమ కాలాన్ని మా దిసారి చేతిలో పెట్టే మనిషి ఒకామె ఉంటుందని అనుకుని ఉండరు. ఆ రోజు నాకు అమ్మ మీద గర్వం కలిగింది. దాన్ని గూట్లో పెట్టిన చేత్తోనే నవల తీసుకున్నాను. వదిలేసిన పేజీలతో సహా, తాత చావు నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. నా శ్రోత నాకు వచ్చేసింది అనుకున్నాను.

రాలేదు. అమ్మ వింటోంది, చెవులు నావైపే ఉన్నాయి, కానీ నోరు మూసుకోవడం మరిచిపోయింది. తాతకు జ్వరం తగిలిందని చదవగానే, "ఆగు. ఆణ్ణి బయిటికెళ్ళొద్దను," అంది.

"పుస్తకంలో ఉన్నోళ్ళకి మనం సెప్తే ఇనపడదమ్మా."

"వానలో తడిసిపోతన్నాడు కదరా. ఇంట్లోకెళ్ళమను."

"ఎల్లడు. రాసీసినారు."

"ఎవులు రాసినారు? ఆళ్ళకి బుద్ధి లేదేటి?"

తాత చనిపోయాడు. ఈసారి ఆమె ఊఁ అనలేదు. నిట్టూర్చనూ లేదు. నన్ను కోపంగా చూసింది, చంపింది నేనే అయినట్టు. తర్వాత పేజీలో తమ్ముడు అప్పు చేయబోతే ఆపింది. కోడలు పుట్టింటికి పోతుంటే దారి మార్చమంది. గంటసేపట్లో రెండు పేజీలు నడిచాయి. నాకు ఓపిక నశించింది.

"ఇంతకుముందు ఎంత బాగా ఇనేదానివి! ఆ డబ్బా నిన్ను పాడుసేసీసింది."

"అది నా మాట ఇంటాదిరా," అంది అమ్మ నెమ్మదిగా. "ఎడమకెళ్ళమంటే ఎడమకెళ్తాడు. పడుకోమంటే పడుకుంటాడు. నీ పుస్తకం ఎవులి మాటా ఇనదు. నాను ఇనడమే గాని."

చదువుకున్నవాడిగా దీనికి జవాబు చెప్పగలనని ఆ క్షణంలో అనిపించింది. "అది ఇనేది నీ మాట కాదమ్మా," అన్నాను. "దానికి ఎన్ని బొత్తాలుంటే అన్ని మాటలే ఇంటాది. తినడానికి బొత్తాం ఉంది, అమ్మడానికి ఉంది. కొత్త సెయ్యడానికి బొత్తాం ఎక్కడుందో సూపించు." అమ్మ గూటివైపు చూసింది. గెలిచాను అనుకున్నాను.

భాద్రపదంలో దిసారి రోజు చెప్పాడు. ఊరంతా జాకరమ్మ దగ్గరకు వెళ్ళింది. అమ్మ కాలు ఇంకా కట్టులోనే ఉంది, కాబట్టి మేమే కొత్త కొర్రన్నం, చిక్కుడు కూర అడ్డాకులో పెట్టి ఆమెకు తెచ్చి ఇచ్చాం. కళ్ళకద్దుకుని తింది. చేయి కడుక్కుని, "అది తే," అంది.

పిన్ని కూడా వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. అమ్మ యంత్రం తెరిచింది. పొలం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, కాయలు మెరుస్తూ. ఆమె కొన్ని కాయలు కోసి బొమ్మ మనిషి చేతిలో పట్టించింది. అతన్ని పొలం మూలకు నడిపించింది. ఆ మూలలో ఒక పెద్ద బూడిదరంగు రాయి ఉంది. అప్పటిదాకా నేను దాన్ని పట్టించుకోలేదు. పొలం అంతా చదును చేసి, ప్రతి చెత్తా ఏరేసిన అమ్మ ఆ ఒక్క రాయిని మాత్రం ముట్టుకోకుండా, చుట్టూ పూలమొక్కలు వేసి ఉంచింది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది. కొత్తకు బొత్తాం ఎక్కడుందో నాకు చూపించబోతోంది.

రాయి ముందు మనిషిని నిలబెట్టింది. ఒక బొత్తాం నొక్కింది. అతను కాయ నోట్లో వేసుకోబోయాడు, చటుక్కున ఆపేసింది. ఇంకో బొత్తాం నొక్కితే బుర్రు అని చప్పుడు వచ్చింది, ఇక్కడ పెట్టడం కుదరదని అర్థం. పిన్ని, "కింద ఉన్నది నొక్కు," అంది. దాన్ని నొక్కితే కాయలు సంచిలోకి వెళ్ళి చేతిలోకి వేరేది వచ్చింది. అది కాయ కాదని గమనించక, కంగారులో అమ్మ మొదటి బొత్తామే మళ్ళీ నొక్కేసింది.

అది సుత్తి. బొమ్మ మనిషి దాన్ని రెండు చేతులతో తల మీదికి ఎత్తి రాయి మీద వేశాడు. ఖంగుమంది. రాయి పగిలి ముక్కలు ఎగిరాయి. ఆ ముక్కలు వాటంతట అవే దొర్లుకుంటూ వచ్చి అతని సంచిలో పడ్డాయి. తెర మూలన సంతోషంగా ఒక గంట మోగింది.

పిన్ని లేచి, చెంపలు వేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. అమ్మ మొహం చూసి నేను చెప్పదలుచుకున్న మాటలన్నీ మింగేశాను. ఎన్నో నాళ్ళుగా ఆ యంత్రం ఓడిపోవాలని కోరుకున్నాను. కానీ ఇలా కాదు.

"నాను కొట్టమన్లేదు," అంది అమ్మ. "నాను కొట్టమన్లేదురా."

"నువ్వు కాదమ్మా. ఆడే కొట్టినాడు."

"గంట కొడతాదేటి మళ్ళీ? ఏటి గొప్ప పని సేసినామని?"

యంత్రాన్ని మంచం అవతలికి తోసేసింది. ఆ గంట గురించి నేను ఇప్పటికీ ఆలోచిస్తాను. నేను రాసిన లోపాలన్నిటినీ ఎవరైనా సరిచేయగలరు. తెలుగు పెట్టగలరు, అక్షరాలు పెద్దవి చేయగలరు, పుల్ల మార్చగలరు. కానీ చేతికి తగిలినదల్లా పగలగొట్టి సంచిలో వేసుకుంటే మెచ్చుకోవాలని ఆ బొమ్మ మనిషికి నేర్పినవాళ్ళతో నాకు సఖ్యం కుదరదు. గనుల కోసం అలాంటి సుత్తులు మా కొండలు ఎక్కడం చూశాం. అవి ఆటవి కావు.

కట్టు విప్పించడానికి చెల్లి వచ్చినప్పుడు సంగతి తెలిసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఓలమ్మా, దానికేటుంది? ఆ రోజు మనిషిని పడుకోబెట్టలేదు కదా, సేవ్ అవ్వలేదు. ఊరికే ఆపడం కాదు, ఆటని పూర్తిగా మూసీసి మళ్ళీ తెరిత్తే ఆ రోజు పొద్దుటికెళ్ళిపోతాది. రాయి అక్కడే ఉంటాది."

అమ్మ నవ్వలేదు. "ఇరిగిపోయిన రాయి వచ్చి మళ్ళీ అక్కడే కూకుంటాదా?"

"కూకుంటాది."

"ముక్కలు?"

"ముక్కలూ ఉండవు, ఏటీ ఉండదు. ఎవులికీ తెలీదు."

"నాకు తెలుసు కదే," అంది అమ్మ.

చెల్లి మొహంలో నవ్వు తగ్గింది. తెరిచి చూపించబోతే అమ్మ మొహం తిప్పేసుకుంది. తిరిగి వెళ్ళేటప్పుడు చెల్లి ఆ వస్తువును సంచిలో పెట్టుకుని తీసుకుపోయింది. గుమ్మం దాటుతూ నా చెవిలో, "నీ పంతం నెగ్గింది, కూకోబెట్టి సదువు," అంది.

నెగ్గిందా? అమ్మ ఇప్పుడు కర్ర సాయంతో నడుస్తోంది. మధ్యాహ్నాలు వాకిట్లో కూర్చుంటుంది, నేను చదువుతాను. ఆ డబ్బాను మళ్ళీ అడగలేదు. కానీ నోరు మూసుకుని వినే మా అమ్మను అది నాకు తిరిగి ఇవ్వలేదు. మొన్న నవలలో పెద్దకొడుకు ఎడ్లను అమ్మడానికి సంతకు తోలుకెళ్ళే చోటికి వచ్చాం. అవి ఈ ఇంట్లో పుట్టి పెరిగిన ఎడ్లు.

"ఆగు," అంది అమ్మ. "ఆడు ఎడ్లు అమ్మీత్తాడేటి?"

"సదవనీ ముందు."

"అమ్మొద్దను."

చదివాను. అమ్మేశాడు. అమ్మ నా చేతిలోని పుస్తకం వైపు చాలాసేపు చూసింది.

"నువ్వు తప్పు సదివినావు. మొదట్నుంచి మళ్ళీ సదువు."

నేను వెనక్కి తిప్పి, ఇంటి నుంచి బయలుదేరిన దగ్గర మళ్ళీ మొదలుపెట్టాను. అక్షరం మార్చలేదు. మార్చి చదవడం నాకు చేతకాదు, చేతనైనా చేయను. అమ్మ కర్ర రెండు చేతులతో పట్టుకుని ముందుకు వంగి కూర్చుంది. ఎడ్లు వాగు దాటాయి. సంత కనిపించింది. బేరగాడు వచ్చి ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూశాడు. పెద్దకొడుకు పలుపుతాడు అతని చేతికి ఇచ్చాడు.

"మళ్ళీ అదే సేసినాడా, ఎదవ," అంది అమ్మ.